రిబ్కమ్మ పేరు పెట్టాలనుకున్న చిన్న గ్రహం

కరీంనగర్ లైబ్రరీలో ఒకే సైన్సు పత్రికను అటు కొస ఒకరు, ఇటు కొస ఒకరు పట్టుకున్నారు.

"జర ఇడుస్తరా? నేను టీచర్ను. పిల్లలకు చెప్పాలె" అంది రిబ్కమ్మ.

"నేను హైదరాబాదుల చుక్కలు చూసే వేధశాలల లెక్కలు కడత. నాకూ కావాలె" అన్నాడు యేసుదాసు.

"చుక్కలకు లెక్కలేంది? కూసొని ఎంచుతరా?"

పత్రిక ఆమెకే పోయింది. 1958 ఎండాకాలం సెలవులవి. యేసుదాసు సొంతూరు చొప్పదండి నుంచి సైకిలు మీద వారానికి మూడుసార్లు లైబ్రరీకి వచ్చాడు.

అంగారకుడికీ గురుడికీ మధ్య రాళ్లగుంపు తిరుగుతుందని, అందులో మనవైపు అంచున ఒక చిన్న రాతిగ్రహం తమ ఫొటోలో పడిందని చెప్పాడు. ఇదివరకు ఎవరూ చూడనిదైతే పేరు పెట్టే హక్కు తమదే.

"మా వేధశాల పెద్దసారు నన్నే పెట్టుమన్నడు. నీ పేరు పెడత."

"రాయికా నా పేరు?" అని మూతి ముడిచింది గానీ, ఇంటికి పోయి బాపుకు చెప్పింది.

పేతురు నవ్వాడు. "పోరడు మంచోడే. క్రిస్మస్‌కు వచ్చి పిల్లనడుగుమను." వస్తానని యేసుదాసు మాటిచ్చాడు.

నవంబరులో విదేశం నుంచి జాబు వచ్చింది. ఆ రాయిని ఎవరో ఏండ్ల కిందనే చూశారు, పేరూ పెట్టారు. యేసుదాసు సిగ్గుతో కుంగిపోయాడు. ఏ ముఖం పెట్టుకొని పోవాలి? క్రిస్మస్‌కు పోలేదు. ఆమె రాసిన మూడు ఉత్తరాలకూ జవాబివ్వలేదు. నాలుగోది రాలేదు.

మరుసటేడు ఆగస్టులో యేసుదాసుకు చెల్లెలు జాబు రాసింది. రిబ్కమ్మకు హుజూరాబాద్ కంపౌండరుతో పెళ్లి కుదిరిందట. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివారట.

మూడో ఆదివారం యేసుదాసు వానలో తడుస్తూ వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. పాస్టరు ఆఖరిసారి ఆ ఇద్దరి పేర్లు చదివి, "ఎవరికన్న అభ్యంతరముంటే చెప్పుండ్రి" అన్నాడు. రిబ్కమ్మ తల తిప్పి చూసింది. మాటిచ్చి తప్పించుకున్నవాడు ఇప్పుడు ఏమని అడగాలి? యేసుదాసు లేవలేదు. పాస్టరు పుస్తకం మూశాడు.

బయట చూరు కింద ఆమె ఆగింది.

"గా రాయికి వేరేటోళ్లు పేరు పెట్టిండ్రు, రిబ్కా. మొఖం చెల్లక రాలే. నువ్వంటే నాకు పానం."

"రాయిని నేనెన్నడన్న అడిగిన్నా? ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోతుండె."

"ఇప్పుడే పోయి పాస్టరుకు చెప్త."

"వద్దు. ఆయనకు మాటిచ్చిన. మొఖం చాటేసుడు నాకు రాదు."

పేతురు గొడుగు తెచ్చి, యేసుదాసును చూసి, బిడ్డ పక్కన నిలబడ్డాడు. ఆమె గొడుగు కిందికి వెళ్లి, వెనక్కి తిరిగింది.

"ఇందాక నువ్వు లేస్తవేమోనని చూసిన. లేస్తే నేను గూడ లేస్తుంటి."