మంకెనకోట తలుపు తెరిచే వేళ

"ఈ సాయంత్రం ఆరింటికి ఒక ఆట మొదలవుతుంది. ఆలోపు మీరు పని ముగించాలి."

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తు. కింద పిల్లలు ఫార్ములాలు వల్లిస్తున్నారు. పైన చీఫ్ జయరావు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఎదుట ఏజెంట్ షానవాజ్.

"'వేయి లోకాలు' పేరు విన్నారా?"

"విన్నానండీ."

వినడమేమిటి! ఆ ఆన్‌లైన్ గేమ్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. రాక్షసులూ మంత్రదండాలూ ఏ ఆటలోనైనా ఉండేవే. ఇందులో ఎవరి లోకాన్ని వారే కట్టుకోవచ్చు. ట్రయల్ దశలోనే అతడు మంకెనకోట కట్టాడు. ఎర్రరాతి బురుజులు, ఎగిరే గుర్రాల సాల, వంకలు తిరిగే ఏరు. ప్రాణం పోసి కట్టిన కోట. ఈ సాయంత్రమే దాని తలుపులు లోకానికి తెరుచుకుంటాయి.

"ఒక విదేశీ ముఠా గేమ్ సర్వర్‌లోకి స్పైవేర్ పంపబోతోంది. లాగిన్ అయిన ప్రతి ఫోనూ వాళ్ల కన్ను, వాళ్ల చెవి. ట్రాన్స్‌మిటర్ సత్తెనపల్లి దగ్గర ఒక మిర్చి కల్లంలో ఉంది. ముఠాలో ఉన్న మన మనిషి మెహర్ దారి చూపుతుంది."

"ఆపలేకపోతే?"

"కంపెనీ ఆటను రద్దు చేస్తుంది. ఆటగాళ్లు కట్టిన లోకాలన్నీ చెరిపేస్తుంది." జయరావు ఒక వాచీ అందించాడు. "ఇది జామర్. మీట నొక్కితే ట్రాన్స్‌మిటర్ మూగబోతుంది. బ్యాటరీ జాగ్రత్త. ఆరింటికల్లా మన మనుషులు జీపులో వస్తారు."

మిర్చి వ్యాపారి వేషంలో షానవాజ్ కల్లం చేరేసరికి ఎండ వాలింది. చూపు ఆనినంత మేరా ఎర్రగా ఆరబోసిన కాయలు. షెడ్డు వాకిట మెహర్ నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఘాటును కూడా జయించిన అత్తరు.

"గాలి ఎటు తిరిగింది?" కోడ్ అడిగాడు.

"సముద్రం వైపు." ఆమె పిస్తోలు తీసింది. "మీ చీఫ్ నన్ను 'మన మనిషి' అన్నారా? పాపం, ముఠా వాళ్లూ అలాగే అంటారు."

షానవాజ్ మెరుపులా మీట నొక్కాడు. వాచీ పలకలేదు. దారి పొడుగునా ఆట కౌంట్‌డౌన్ దాని తెర మీదే పెట్టుకుని మురిసిపోయాడు. బ్యాటరీ కాస్తా హరించుకుపోయింది.

మెహర్ పురికొసతో అతణ్ణి షెడ్డు లోపలి స్తంభానికి బిగించింది. చేతులున్నాయి, కదలవు. గొంతుంది, గుడ్డ కుక్కి ఉంది. ఎదురుగా ఆరుబయట జనరేటరు, ట్రాన్స్‌మిటరు. వాటిపై గుంజలకు కట్టిన నీలం టార్పాలిన్ పట్టా. ట్రాన్స్‌మిటరు తెర మీద స్పైవేర్ ఎక్కిన శాతం నిదానంగా పెరుగుతోంది. తన కోటకు తానే కాపలావాడై, తలుపు విరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

ఆకాశం ఉరిమింది.

"ఒసే, వానొచ్చేసిందే! పట్టాలు తెండే!" మిర్చి కూలీల పెద్ద ఎలీసమ్మ కేక కల్లమంతా మోగింది. ఆడవాళ్లు పరుగులు తీశారు. ఉన్న పట్టాలు చాలలేదు. ఎలీసమ్మ నేరుగా వచ్చి నీలం పట్టా ముళ్లు ఊడదీసింది.

"అది ముట్టుకోవద్దు!" అరిచింది మెహర్.

"ఊరుకోమ్మా! కాయ తడిస్తే తెల్లబడి తాలైపోద్ది. చూస్తా నిలబడతావేంటి? ఆ కొస పట్టుకో!"

మెహర్‌ది అద్దంకి. మిర్చి రైతు బిడ్డ. వాన కేక వినబడితే పట్టా కొస పట్టడం ఆమెకు నడకతోపాటు వచ్చిన విద్య. బుద్ధి వద్దనేలోపే చేతులు చాచింది. పిస్తోలు కాయల్లోకి జారింది. ఇద్దరూ పట్టా లాగి రాశి మీద పరిచారు. పిస్తోలు దాని కింద మునిగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చి మెహర్ వెనక్కి తిరిగింది.

వాన దబదబా జనరేటరు మీద పడింది. నీలిమంట లేచింది. తొంభై తొమ్మిది దగ్గర తెర నల్లబడింది. ఆరు కావడానికి ఇంకా అర నిమిషం.

మెహర్ పారిపోబోయి బురదలో జారింది. ఆమెను లేపింది జయరావు జీపులో దిగిన మనుషులే.

ఎలీసమ్మ షానవాజ్ కట్లు విప్పింది. "ఇదేం ఖర్మయ్యా, వ్యాపారం చేయమంటే కట్టేయించుకున్నావ్?"

అతడు ఫోన్ తీసి లాగిన్ నొక్కాడు. తెర మీద అక్షరాలు వెలిశాయి: 'సర్వర్ నిండింది. మీకంటే ముందు మూడు లక్షల మంది ఉన్నారు. దయచేసి వేచి ఉండండి.'

"ఖాళీగానే ఉన్నావుగా బాబూ," అంది ఎలీసమ్మ, "ఈ కొస పట్టుకో."

దేశాన్ని కాపాడిన వీరుడిగా రేపు ఫైల్లోకి ఎక్కబోయే షానవాజ్, ఫోన్ జేబులో పెట్టి, పట్టా కొస పట్టుకున్నాడు.