లోపలికి పోయిన ఊదు పొగ

జమ్మలమడుగు బస్టాండు ఎనక సందులో మాకు డీటీపీ షాపు ఉండె. పెండ్లి కార్డులు, భూమి అర్జీలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. పొద్దున ఒక పార్టీవోళ్ళు, మాపటికి ఇంకో పార్టీవోళ్ళు వస్తాండ్రి. ఒకరి కాగితం ఇంకొకరి కంట పడకుండా చూసుకోవడమే మా ఆయన కమాల్ బాషాకు సగం పని. మిగిలిన సగం ఆ మిషన్‌కు గాలి ఆడేటట్టు చూడటం.

మిషన్ అంటే కంప్యూటర్. అది ఖాతూన్‌ది. ఖాతూన్ అంటే మా ఆయన మొదటి పెండ్లాం. నేను హఫీజాని, రెండోదాన్ని. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికే ఆమె మట్టిలో ఉంది. "చచ్చినదాని మీద కుళ్ళేందే నీకు?" అని మాయమ్మ తిడతాది. ఎందుకుండదు? బతికున్న సవతైతే జుట్టు పట్టుకోని కొట్లాడొచ్చు. కొన్నాళ్ళకు ముసలిదయితాది, పండ్లూడతాయి. ఇది ముసలిదీ కాదు, మాటకు మాటా చెప్పదు. చచ్చినోళ్ళ కండ్లు చారెడంటారే, మా ఇంట్లో ఖాతూన్ కండ్లు చాటంత అయినాయి.

ఆ కంప్యూటర్ డబ్బాకు మూడు ఫ్యాన్లు. ముందరిది బయటి గాలిని లోపలికి లాగుతాది. ఎనకదీ పైదీ లోపలి వేడిని బయటికి తోస్తాయి. మూడింటికీ మూడు రెగ్యులేటర్లు మా ఆయనే బిగించినాడు. "లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సమానంగా ఉండాల హఫీజా. బయటికి తోసేది ఎక్కువైతే సందుసందులోంచి దుమ్ము పీలుస్తాది. తక్కువైతే వేడి లోపల్నే సుడి తిరిగి మిషన్ ఆగిపోతాది" అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్తాండె. సరి చూసేదానికి ఊదుబత్తి ముట్టించి ముందరి జాలీ కాడ పెడతాండె. పొగ సన్నగా లోపలికి పోయి, ఎనక నుంచి నేరుగా బయటికి వస్తే నవ్వుతాండె. అల్లా, ఆ నవ్వు! నా మొగం చూసి ఒక్కసారన్నా అట్ల నవ్వింటే ఏం పోయె ఆయన సొమ్ము?

ఆయనకు ఆ గాలి పిచ్చి ఎందుకట్ల పట్టిందో పక్కింటోళ్ళు చెప్పినారు. మా ఊర్లో బందు రోజు షాపులు మూసినట్టే ఉంటాయి గానీ అన్నీ మూతబడవు. బయట బీగం ఏసి, లోపల మనిషి కూచోని పని చేసుకుంటాడు. బీగం చూసి రాళ్ళేసేవోళ్ళు ముందుకు పోతారు. అట్లనే ఒక బందు రోజు ఖాతూన్‌ను లోపల పెట్టి ఈయన బీగమేసి పోయినాడు. ఆ పొద్దు పక్కనున్న టైర్ల అంగడికి నిప్పు పెట్టినారు. ఈయన బీగంచెవి జేబులో పెట్టుకోని పోలీసుల కాళ్ళు పట్టుకున్నా సందులోకి వదల్లేదంట. షట్టర్ ఎత్తేసరికి ఆమె కుర్చీలోనే ఉండె. కాలలేదు. ఒంటి మీద గాయం ల్యా. గాలి ఆడలేదు, అంతే. మిషన్ మాత్రం నడుస్తానే ఉండె.

పాపం అనిపించలేదా అంటే అనిపించింది. పాపమూ కుళ్ళూ రెండూ ఒకే కడుపులో ఉంటాయి.

ఆ ఎండాకాలం ఊరి బయట ఒక పార్టీ మనిషిని నరికినారు. తెల్లారి బందు. పార్టీలో తిరిగే మునెయ్య జీపేసుకోని ఇంటికొచ్చినాడు.

"బాషా, శ్రద్ధాంజలి కాగితం మాపటికి కావాలప్పా. ఫోటో పోయినాయన ఇంట్లో ఉంది. నువ్వే వచ్చి మంచిది ఏరుకో. ఆడ ఏడుస్తాండారు, నాకు చేతగాదు."

కాదనే ధైర్యం మా ఊర్లో ఎవరికీ ల్యా. నేను టైపు నేర్చుకోనుంటి. "నేను మాటలు కొడతాలే మామా, నువ్వు పోయిరా" అంటి. ఆయన నన్ను షాపుకు పిల్చుకోని పోయినాడు. షట్టర్ సగం దించి, మళ్ళీ ఎత్తినాడు. నా కోసమే అనుకోని నా గుండె ఎంత పొంగిందో!

"జాగ్రత్త" అన్నాడు మెల్లగా.

"నాకేం గాదులే మామా."

"దాన్ని వేడెక్కనీయొద్దు హఫీజా" అన్నాడు. ఆయన చూపు నా భుజం మీదుగా మిషన్ మీదుండె.

షట్టర్ పడింది. బీగం పడింది. నా ఒళ్ళు బగ్గుమనింది.

నడిపొద్దు. బయట నిప్పులు కురిసే ఎండ, లోపల చీకటి. షట్టర్ కింద సన్నగా వెలుతురు గీత. మానిటర్ వెలుగులో నా చేతులు నీలంగా కనిపిస్తాండాయి. కాలిన రబ్బరు కమురు గోడల్లోంచి ఇంకా పోలేదు. వీధిలో కుక్క కూడా మొరగలేదు. యాడో దూరంగా ఒక బాంబు పేలింది, తర్వాత జీపులు పోయినాయి. మళ్ళీ ఏమీ ల్యా. ఫ్యాన్ల గురక ఒక్కటే.

నేను కొడతానే ఉండా. ఉన్నట్టుండి గురక పెరిగింది. డబ్బా మీద చెయ్యి పెడితే పెనం. ఆగిపోతే కొట్టిందంతా పోతాది, మునెయ్య మనుషులు ఊరికే పోరు. గాలి ఎట్ల పోతాందో చూద్దామని, మామ దినామూ ముట్టించే ఊదుబత్తి ఎతికితి. ల్యా. సొరుగులో వేరే ఊదుబత్తి పొట్లం ఉంది, ప్రొద్దుటూరు నుంచి తెచ్చింది, శానా మేలురకం. రేపు ఖాతూన్ పేరున ఫాతెహా దువా చదివించాల. దానికి తెచ్చుకున్నాడు.

నాకు ఒక మూర మల్లెపూలు తేవాలంటే మర్చిపోతాడు!

చచ్చినోళ్ళ కోసం తెచ్చిన ఊదు, ఫాతెహా చదివి వాళ్ళ పేరు చెప్పినంకనే ముట్టియ్యాలంటారు మా పెద్దోళ్ళు. చదివితే వాళ్ళు వాసన తీసుకోని ఎనక్కి పోతారంట. చదవకుండా ముట్టిస్తే వస్తారు గానీ, ఎనక్కి పోయే దారి వాళ్ళకు తెలీదంట.

నాకు తెలుసు. తెలిసే ముట్టిస్తి. ఆమె ఊదు, ఆమె డబ్బాకే.

పొగ ముందరి జాలీలోకి పోయింది. ఎనక చూస్తి. ఏమీ రాలేదు. పైన చూస్తి. రాలేదు. ఎనక ఫ్యాను గిర్రున తిరుగుతానే ఉంది. ఇంకొకటి ముట్టిస్తి. అదీ లోపలికే పోయింది. సందుల్లోంచి కారతాందేమోనని డబ్బా చుట్టూ తిరిగి చూస్తి...

యాడా ల్యా.

ఎనక ఫ్యాను కాడ అరచెయ్యి పెడితి. గాలి తగిలింది. వెచ్చగా. ఆగింది. మళ్ళీ తగిలింది. ఆగింది.

ఫ్యాను గాలి ఆగి ఆగి రాదు.

"ఛీ, చావు!" అని మూడు రెగ్యులేటర్లూ కిందికి తిప్పేస్తి. రెక్కలు నిలబడినాయి. గురక ఆగింది. నా చేతిలో ఊదుబత్తి పొగ మాత్రం ఇంకా లోపలికే పోతాంది. దాంతో పాటు షాపులోని గాలి కూడా... నా ముక్కు ముందరి గాలి కూడా... ఎంత పీల్చినా రొమ్ము నిండటంల్యా. షట్టర్ కొడదామంటే లేవలేకపోతి.

"హఫీజా..."

జాలీలోంచి. గుసగుసగా.

"మామ నీ దిక్కు చూసి నవ్వుతాడా?"

అంత భయంలోనూ నాకు కోపం వచ్చింది, చూడండి! "ల్యా" అంటి.

"నా దిక్కు చూసి నవ్వుతాడు."

"తెలుసు."

వెచ్చని గాలి నా మొగానికి తగిలి ఆగింది.

"నవ్వించుకుంటావా?"

అల్లా పేరు తల్చుకోని కలిమా చదవాల. బీగం బయటున్నా గొంతు చించుకోని అరవాల. ఏ ఆడదైనా ఆ పనే చేస్తాది. నా కండ్ల ముందర ఆయన నవ్వు తప్ప ఇంకేమీ ల్యా.

"ఊ" అంటి.

ఎనక నుంచి పొగ వచ్చింది. లోపల పట్టినదంతా ఒక్కసారే, తెల్లగా, నా మీదికి...

షట్టర్ ఎత్తిన చప్పుడుకు కండ్లు తెరిస్తి. కుర్చీలోనే ఉండా. కాగితం కొట్టడం అయిపోయింది, నేను కొట్టని సగం కూడా. మా ఆయన గడప మీద ఫోటో పట్టుకోని నిలబడినాడు. నన్ను చూసినాడు. చూసి... నవ్వినాడు.

ఆ నవ్వే.

మిషన్ దిక్కు తిరిగి కూడా చూడలేదు. నా తల ఎత్తి నీళ్ళు తాపినాడు, చెయ్యి పట్టుకోని ఇంటికి తెచ్చినాడు. బందులో పూలు యాడ దొరికినాయో, మల్లెలు తెచ్చి తల్లో పెట్టినాడు. రాత్రంతా నన్నే చూస్తా మేలుకోనుండె. ఇంకేం కావాల నాకు? ఏమీ అక్కర్లేదు. శానా సంతోషంగా ఉంటి.

పొద్దున సింహాద్రిపురం బస్సులో బీబీజాన్ దిగింది. ఖాతూన్ వాళ్ళమ్మ. నేను కాపరానికి వచ్చిన నాటి నుంచి మా గడప తొక్కని మనిషి. రమ్మని ఎవరూ కబురంపలేదు. ఫాతెహా కోసం వచ్చిందేమో అనుకుంటి. ఆమె నేరుగా నా కాడికొచ్చి కూచోని, నా మొగం రెండు చేతుల్లోకి తీసుకునింది.

"ఎంత చిక్కిపోతివే బిడ్డా..." అని ఏడ్చింది. నా జడ విప్పి, ఒడిలో పడుకోబెట్టుకోని తల దువ్వింది. మా ఆయన గడప కాడ కూచోని నవ్వుతానే ఉండాడు.

జడ అల్లినంక ఆమె అటూ ఇటూ చూసి, నా చెవి కాడికి వంగింది.

"మరి ఆ రెండో పిల్ల యాడే?"

నేనిక్కడే ఉండానమ్మా అని చెప్పబోతి. నా కంటే ముందే నా నోరు జవాబు చెప్పింది.

"షాపులో ఉందిలేమ్మా. బయట బీగమేసి వచ్చినాం."