గుట్టెక్కితేనే సిగ్నల్

జాయ్ గొంతు వినగానే జయరాజు ఫోన్ పెట్టేశాడు.

"నెట్‌వర్క్ పోయినట్టుంది," అంది కౌన్సెలర్ ఆసియా.

"పోయింది నెట్‌వర్క్ కాదు మేడమ్, ఆయప్ప ధైర్యం. మళ్లీ కలపండి," అంది తనకల్లులో మిద్దె మీద నిలబడిన జాయ్.

జయరాజు ఆమెకు మేనత్త కొడుకు. ఇద్దరికీ పెళ్లని చిన్నప్పుడే అనుకున్నారు. అలాంటివాడు క్రిస్మస్ అయ్యాక ఉన్నట్టుండి మాటలు మానేశాడు. ఎవరినో చూసుకున్నాడని జాయ్ ఏడ్చింది, తిట్టుకుంది. అసలు సంగతి అత్త చెబితే తెలిసింది.

జయరాజు అక్క కొడుక్కి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ జన్యువు జయరాజులోనూ ఉందని పరీక్షలో తేలింది. దానివల్ల అతనికేమీ కాదు. కానీ చేసుకోబోయే పిల్లలోనూ అదే ఉంటే పుట్టే బిడ్డకు జబ్బు రావచ్చు. మేనరికంలో ఆ భయం ఇంకా ఎక్కువ.

జాయ్ ఎవరికీ చెప్పకుండా కదిరి వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చింది. అంతలో కరోనా దారులన్నీ మూసేసింది. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఫలితం చెప్పాల్సిన ఆసియా, కొత్తచెరువులో తన ఇంటి నుంచే ఫోన్లు కలుపుతోంది.

ఈసారి జయరాజు ఎత్తాడు. ముందు గాలి హోరు వినిపించింది.

"రిపోర్ట్ చదవనా?" అడిగింది ఆసియా.

"ఆగండి మేడమ్. ముందు ఈయప్పను అడగాల. నన్నొక మాట అడక్కుండా ఎట్లా వదిలేస్తివి?"

"మా అక్క పిల్లోనికి సూది వేసేటప్పుడు పట్టుకునేది నేనే జాయ్. రేపు నా బిడ్డను అట్లా పట్టుకోలేను. నువ్వన్నా బాగుంటావనుకుంటి."

"బాగుండానా మరి?"



"మా ఊర్లో గుట్టెక్కితేనే సిగ్నల్," అన్నాడు జయరాజు మెల్లగా. "దినామూ ఎక్కుతాండా. నీ నంబరు చూసుకొని దిగిపోతాండా."

జాయ్ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఆమె కూడా ఈ మిద్దె మీదే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎంత పిచ్చివాళ్లు ఇద్దరూ.

"చదవండి మేడమ్. ఏమొచ్చినా నాకు ఈయప్పే. బిడ్డల సంగతికి మీరే దారి చెప్పండి."

ఆసియా గొంతు సవరించుకుంది.

"జాయ్‌లో ఆ జన్యువు లేదు. మీ బిడ్డలకు ఆ జబ్బు రాదప్పా జయరాజూ. మహా అయితే నీ మాదిరి జన్యువు మోస్తారు, అంతే."

గుట్ట మీద ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"జాయ్..."

"మేడమ్ లైన్లో కాదు. నువ్వే చెయ్," అని ఈసారి జాయ్ ఫోన్ పెట్టేసింది.

వెంటనే మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. అన్నాళ్లు ఏడిపించినవాడికి ఆమాత్రం శిక్ష పడాలి. మూడోసారి ఎత్తింది.

"దారులు తెరిస్తే మొదటి బస్సుకే వస్తా జాయ్."

"అంతవరకూ ఆ గుట్ట దిగొద్దు బావా," అంది.