నెత్తిమీద సున్నా

తెలుగు సరిహద్దుకు అవతల, హిందీ నడిచే బీజాపూర్‌లో కొత్త మొబైల్ దుకాణం ఫ్లెక్సీ చూసి స్వర్ణకుమారికి ఒళ్లు మండింది. అందులో నవ్వుతున్నది ఆవపల్లిలో చింతపండు అమ్మే ఆయతి. ఆ ఫోటో తీసి ఇన్‌స్టాలో పెట్టింది తనే. "నా మొకం ఎవలకూ అమ్మకు బిడ్డా" అని మాట తీసుకుని మరీ ఆయతి తీయించుకున్న ఫోటో!

నేరుగా ఆ ఫ్లెక్సీ ప్రింటు చేసిన షాపుకు వెళ్లింది.

"ఇదెక్కడ దొంగిలించావు?"

కంప్యూటర్ ముందున్న షాపు యజమాని బిజ్జా గాభరాగా లేచాడు. "దొంగతనమేంది మేడం? నెట్‌ల దొరికింది. అందరిది అనుకున్న."

"మూలన తెలుగులో నా పేరు కనబడలేదేటి?"

"అది పేరా? తీగల డిజైన్ అనుకున్న. మంచిగుందని ఉంచిన."

"ఇంత తెలుగు మాట్లాడుతూ చదవడం రాదంటావేటి!"

"ఇంట్ల మాట్లాడేది తెలుగు, బడిల సదివింది హిందీ. మాట వస్తది, అక్షరం రాదు."

స్వర్ణ నమ్మలేదు. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో వాళ్ల నాన్న రామారావు పలకా బలపం ఇచ్చి మరీ ఆమెకు తెలుగు నేర్పాడు. తెలుగువాడికి తెలుగు అక్షరాలు రావంటే ఎలా?

బిజ్జా అప్పుడే ఫ్లెక్సీ దింపించాడు. ఆవపల్లి వెళ్లి, "మేడం నీ ఫోటో అమ్మలే, తప్పు నాది" అని ఆయతికి చెప్పివచ్చాడు కూడా. అయినా అనుమానం తీరలేదు. పైగా ఆ వారం నుంచి స్వర్ణ పెట్టే ప్రతి ఫోటోకూ అతని లైకు. లైకు కొడుతున్నాడా, డౌన్‌లోడ్ చేస్తున్నాడా? ఫోటోలు చిన్న సైజులో పెట్టడం మొదలుపెట్టింది. పేరును మూల నుంచి నడిమధ్యకు తెచ్చింది.

చివరికి ఒక వల పన్నింది. వాన ఫోటో ఒకటి ప్రింటుకు తెచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఇలా రాసింది: "బిజ్జా దొంగ. నవ్వితే మాత్రం బాగుంటాడు."

చదవగలిగితే ఆ సంగతి ముఖంలో దాచుకోలేడు కదా! దానికి మొదటి వాక్యం చాలు. రెండోది ఎందుకు రాసిందో ఆమెనే అడగాలి.

బిజ్జా తేరిపార చూశాడు. ముఖంలో కోపం లేదు, సిగ్గూ లేదు.

"ఈ తీగ ఇంకా మంచిగుంది మేడం. ఒకటి నా గోడకు పెట్టుకోనా? మిమ్మల్ని అడిగే పెడ్త."

పాపం, నిజంగానే రాదు! అనుమానం పోయింది, ఆ రెండో వాక్యం బెంగ పట్టుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. "సరే" అనేసి, గొడుగు కూడా మరిచి వానలో పడి పరుగెత్తింది.

చాలా రోజులు అటు వెళ్లలేదు. గొడుగు వంకతో వెళ్లిన రోజున, గోడమీది ఫోటో కింద కొత్త వాక్యం కనిపించింది. అక్షరాలన్నీ వంకరే. "బిజ్జా దొగ కాదు. స్వర్ణను అడిగే తీసుకుంటాడు." 'దొ' నెత్తిమీద, హిందీలో పెట్టినట్టు, ఒక చుక్క.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"భద్రాచలం నుంచి పుస్తకం తెప్పించిన. మొదలు సదివింది గోడమీది మాటే. నిద్ర రాలే."

"దొంగ అన్నందుకా?"

"ఆ తర్వాతి మాటకు."

స్వర్ణ ముఖం ఎర్రబడింది. అది దాచుకోవడానికి బల్లమీది స్కెచ్ పెన్ను అందుకుంది. "సున్నా నెత్తిమీద పెట్టావేటి? మన రాతలో పక్కన ఉండాలి."

"పక్కననే ఉండాల్నా?"

"ఆఁ."

"ఎప్పటికీనా?"

పెన్ను ఆగిపోయింది. బిజ్జా అక్షరాన్ని చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

"అడిగే తీసుకుంటాడని రాశావు కదా. కిరండూల్ వచ్చి మా నాన్ననడుగు," అంటూ స్వర్ణ 'దొ' పక్కన గుండ్రంగా సున్నా చుట్టింది.