కొమ్ము పురుగు రాయబారం

పక్కింటావిడ పాలబూత్ దగ్గర అందట: "అంత చదువు చదివి ఆ కుర్రాడు గేదెల కొట్టంలో పేడ కెలుకుతున్నాడు. తోడు ఓ పిల్ల కూడానూ!" ఆ మాట ఇస్త్రీ అతని నోట పడి, చిలవలు పలవలతో ఆ కుర్రాడి అమ్మ చెవికి చేరింది.

మాటలో అబద్ధమేమీ లేదు. మ్యూజియంలో పురుగుల విభాగం కుర్రాడు ఆ వేళ మోచేతుల దాకా పేడలోనే ఉన్నాడు. ఎదురుగా అదే విభాగంలో పనిచేసే అమ్మాయి. ఇద్దరి మధ్యా చాలాకాలంగా నడుస్తున్న తగువు మినపగింజంత పేడపురుగు గురించి.

"నెత్తిన కొమ్మున్నది కొత్త జాతి," అన్నాడతను. "సైన్సు పత్రికకి రాసి పంపడమే తరువాయి."

"పంపి నవ్వులపాలవ్వు. నీ పెట్టెలో ఉన్న కొమ్ములవన్నీ మగవే. నా పెట్టెలో కొమ్ము లేనివన్నీ ఆడవే. డౌట్ రాలేదూ, మహానుభావా?"

"నావాటికి ఆడవి ఇంకా దొరకలేదంతే."

"ఎలా దొరుకుతాయి? నా పెట్టెలో ఉన్నాయిగా!"

ఆమె పేడకడిని పక్కకు తోసి, కింద మట్టిని చెంచాతో పొరలు పొరలుగా గీకింది. సన్నటి సొరంగం బయటపడింది. దాని అడుగున, గుడ్డు కోసం చుట్టిన పేడ ఉండ పక్కన, కొమ్మున్నదీ లేనిదీ కలిసి కాపురం చేస్తున్నాయి.

"ఇవిగో, మొగుడూ పెళ్లాలు. ఇన్నాళ్లూ చెరో పెట్టెలో పెట్టి విడదీశాం పాపం!"

ఆమె నవ్వింది. అతని మొహం మాత్రం ఎండిన పిడకలా అయింది.

"కొత్త జాతి పోతే పోనీలే. అంత దిగులా?"

"జాతి కోసం కాదు. దానికి పెట్టాలనుకున్న పేరు పోయింది."

"ఏమిటా పేరు?"

"నీ పేరు."

చెంచా ఆగింది. "పేడపురుగుకి... నా పేరా?"

"పుస్తకాల్లో ఎప్పటికీ ఉంటుందని. నోటితో చెప్పే ధైర్యం లేక..."

"ఓరి నాయనో! నోరుండగా పురుగుతో రాయబారమా? ఇప్పుడదీ పోయిందిగా. ఇక నువ్వే చెప్పు."

"నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?"

"చేసుకుందాం. ముందు ఓడిపోయానని ఒప్పుకో."

"ఒప్పుకున్నా."

ఆమె పేడచేత్తోనే అతని పేడచెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కొట్టం గుమ్మంలో దగ్గు వినిపించింది. అమ్మ! ఎప్పటినుంచి నిలబడిందో ఏమో. వెనకే, దారి చూపించడానికి వచ్చిన పక్కింటావిడ.

"చూశారా వదినా, నేను చెప్పలేదూ?" అంటూ ముక్కు మూసుకుంది పక్కింటావిడ. "ఇంతకీ ఎవరండీ ఆ పిల్ల?"

అమ్మ ఆ రెండు చేతుల వంకా చూసింది.

"నా కోడలు. ఆ ముక్కు వదిలి గాలి పీల్చుకో, ఇది కూడా పదిమందికీ చెప్పాలిగా."