ఏ చేయైనా నడుస్తది

రాయచూరులో తీన్ కందిల్ దగ్గర నాది గడియారాల దుకాణం. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, ముప్పై ఏళ్లుగా కుడిచేతి రెండు వేళ్ల మీదే ఇల్లు నడుపుతున్నాను. జగన్నాథ్ హస్తవాసి మంచిదని జనం అంటారు. ఆ మాటకు పొంగిపోయే ఓపిక ఎప్పుడో అయిపోయింది. దేవసూగూరు దగ్గర బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు వచ్చాక షిఫ్టులకు వెళ్లేవాళ్ల గడియారాలతో పని పెరిగింది, నా నడుం వంగింది. పక్కనే అంత కరెంటు పుడుతున్నా, మా బజారులో మాత్రం మధ్యాహ్నం కాగానే ఫ్యాను ఆగుతుంది.

ఒక సోమవారం పొద్దున లలితాంబ వచ్చింది. ఆమె భర్త జయరామయ్య ప్లాంటులో పనిచేసేవాడు. జ్వరంతో పోయి మూడు నెలలైంది. కొంగు ముడి విప్పి, ఆయన ఆటోమేటిక్ గడియారాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆగిపోయిందన్నా. ఇంట్ల దీని సప్పుడు లేకుంటె నిద్ర పడుతలేదు."

మూత తీసి చూశాను. దోషమేమీ లేదు. కట్టుకునే మనిషి లేక ఆగింది, అంతే. కీ ఇవ్వడం నేర్పాను.

"చేతికున్నప్పుడు తిప్పద్దమ్మా, విప్పి పట్టుకోవాలె. కీ బయటికి గుంజద్దు, గుంజితె ముల్లులు తిరుగుతయి. ఉన్నకాడనే ఉంచి ముందరికి తిప్పాలె, మెల్లగ, ముప్పై సుట్లు. మామూలు గడియారమైతె నిండినంక బిగుసుకుంటది. ఇది బిగుసుకోదు. ఇగ సాలని మనమే అనుకోవాలె."

"గంతేనా?"

"గది సురువుకే. తర్వాత చేయి ఊగుతుంటె లోపలి బిళ్ల తిరిగి, దానికదే కీ ఎక్కుతది. దీనికి చేయి కావాలె."

"ఎవరి చేయి?" గొంతు తగ్గించి అడిగింది.

అప్పటికే విసిగి ఉన్నాను. "ఎవరిదైతె ఏందమ్మా? ఏ చేయైనా నడుస్తది. నాదైనా సరే."

ఆమె గడియారం వైపు భయంగా చూసింది. "దాని ముందర గట్లనకన్నా."

ఎంతసేపు నడుస్తుందో చూసి ఇస్తానని ఉంచుకున్నాను. ముప్పై చుట్లు తిప్పి సొరుగులో పెట్టాను. ఎవరూ కట్టుకోకపోతే రెండు రోజుల్లో ఆగిపోవాలి. బుధవారం ఆగలేదు. గురువారమూ ఆగలేదు. నా కుడి భుజం మాత్రం బస్తాలు మోసినట్టు లాగుతోంది. పట్టకారు వేళ్లలోంచి జారిపోతోంది. వయసు కాబోలు అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం. ఎండకు బజారు ఖాళీ. ఫ్యాను ఆగింది. షట్టరు సగం దించి స్టూలు మీద కూలబడ్డాను. గడియారాలు కడిగే పెట్రోలు వాసన... దాని వెనక ఇంకో వాసన. బొగ్గు పొడి, చెమట.

అప్పుడు వినపడింది.

గిర్ర్... గిర్ర్...

సొరుగులోంచి. లోపలి బిళ్ల తిరుగుతున్న చప్పుడు. చేయి ఊగితేనే వచ్చే చప్పుడు.

సొరుగు లాగాను. గడియారం కదలకుండా పడుంది. గిర్ర్... గిర్ర్... సొరుగు లాగింది ఎడమ చేత్తో అని అప్పుడు గమనించాను. మరి కుడి చేయి...

స్టూలు పక్కన ఊగుతోంది. ముందుకీ, వెనక్కీ. తొందరగా నడిచే మనిషి చేయిలా. నేను ఊపడం లేదు. ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. చప్పుడు ఆగింది. వదిలాను.

గిర్ర్...

గోడ గడియారంలో ఒకటిన్నర. రెండు గంటల షిఫ్టుకు జనం బయల్దేరే వేళ.

సాయంత్రం లలితాంబ రాగానే గడియారం ఆమె చేతిలో పెట్టేశాను. "తీసుకపోండమ్మా. మీకు దండం పెడుత."

ఆమె నా కుడి మణికట్టునే చూస్తోంది. "మీరు గడియారం ఈ చేతికి కట్టుకుంటరా అన్నా?"

చూసుకున్నాను. మణికట్టు చుట్టూ తెల్లటి పట్టీ. ఏళ్ల తరబడి ఎండలో గడియారం కట్టుకున్నవాళ్లకు పడే గుర్తు. నేను జన్మలో చేతికి గడియారం కట్టుకోలేదు.

"ఆయనది ఎడమచేతి వాటం," గుసగుసగా అంది. "కుడిచేతికే కట్టేటోడు."

నెల తర్వాత, నిన్న, మళ్లీ వచ్చింది. కంటినిండా నిద్రపోయిన ముఖం. "పెట్టెలనే పెట్టిన, ఎవ్వరం కట్టుకోలే. ఐనా నడుస్తనే ఉన్నది. ఆయన ఇంట్లనే ఉన్నట్టున్నది. అంత మీ హస్తవాసి అన్నా."

ఆమెకు ఏం చెప్పను? పట్టకారు పట్టి నెలయింది. దుకాణం అమ్మకానికి పెట్టాను. చేయి ఇక నాది కాదని ఒప్పుకున్నాను కూడా. పోట్లాడే ఓపిక లేదు.

కానీ ఇవాళ ఒకటిన్నరకు కుడి కాలు కూడా లేచింది.