లోజె డాక్టరు వెయిటింగ్ రూమ్

చీకటి పడ్డాక ఆ పసుపురంగు ఇంటివైపు వెళ్ళొద్దంటారు మా ఊళ్ళో. లోజె డాక్టరు పోయి ఏడాదైంది, ముందు తలుపు తాళం తీసిన పాపాన ఎవరూ పోలేదు. అయినా సోమవారం సాయంత్రమైతే లోపల దీపం... "తర్వాతివాళ్ళు రండి!" అని పిలుపు.

నలభై రెండేళ్ళు అదే పిలుపు. బుధవారం మధ్యాహ్నం తలుపు మూసి, మంచులో కొండెక్కి, మంచాన పడ్డవాళ్ళని చూసొచ్చేవాడు. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా ఆయన కుర్చీలో కూర్చునే మనిషి దొరకలేదు. చివరికి సంచి చేతిలో ఉండగానే ఎవరింటి మెట్ల మీదో కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. అబద్ధం! ఈ ఊరే ఆయన్ని అరగదీసి చంపింది.

చివరి రోజుల్లో స్వేయా బ్రాండిస్ అనే కుర్ర డాక్టరమ్మ వస్తానంది. ఇల్లు ఊరిది. ఆమెకి తక్కువ అద్దెకి ఇవ్వండని లోజె మేయరుకి ఏడు ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. మేయరు ఫోల్క్‌మార్ గ్రేవెకి ఆ ఇల్లు కొంటామన్న టూరిస్టుల కంపెనీ బేరం ముద్దొచ్చింది మరి!

రేపు సంతకాలనగా, నవంబరు సోమవారం, ఇల్లు ఓసారి చూసుకుందామని వచ్చాడట గ్రేవె. అయిదింటికే చిమ్మచీకటి. తాళం తీశాడు...

లోపలి గది తలుపు కింద సన్నటి వెలుగు.

వెనక్కి తిరగబోయాడట. కానీ వెయిటింగ్ రూమ్‌లో అడుగుపెడితే అందరినీ పలకరించాలని తల్లి నేర్పింది. ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి! ఖాళీ చీకటికి "శుభ సాయంత్రం" అన్నాడు.

"శుభ సాయంత్రం..." అన్నాయి కుర్చీలు.

ఒకటి కాదు — పది గొంతులు. దగ్గుతూ, వణుకుతూ.

"చి... చివర ఎవరు?" వరసలో ఆఖరు ఎవరో అడగడం, అదీ అలవాటే.

"ఇవాళ నీదే ముందు," గుసగుసగా అంది ఓ ముసలి గొంతు.

అప్పుడే లోపల్నుంచి — "తర్వాతివాళ్ళు రండి!"

ఎవరో వెనకనుంచి నెట్టారు. తలుపు తెరుచుకుంది. బల్ల దగ్గర తెల్లకోటు... అటు తిరిగి కూర్చుంది. మెల్లగా... మెల్లగా ఇటు తిరిగింది.

నేనే. రోజ్‌విటాని. నలభై ఏళ్ళు లోజె డాక్టరు దగ్గర పనిచేసినదాన్ని. వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది. బయట కూర్చున్నవాళ్ళు మా పాత రోగులు, అందరూ బతికున్నవాళ్ళే. సోమవారం వస్తే బీపీ చూస్తాను. అంతకుమించి చెయ్యడానికి నాకు చదువూ లేదు, హక్కూ లేదు. ముందుగదిలో బల్బులంటారా, మేయరాఫీసే పీకించింది.

గ్రేవె గుండె పట్టుకుని కూలబడ్డాడు. "నువ్వా, రోజ్‌విటా! భయంతో చచ్చేవాణ్ణి కదే!"

"చస్తే చూసేదెవర్రా?" అన్నాను. చిన్నప్పుడు సూదిమందంటే ఈ బల్ల కిందే దూరినవాడు! "అందరికన్నా దగ్గరున్న డాక్టరు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరం. బతికుంటావా అందాకా?"



డాక్టరు దాచుకున్న ఏడు ఉత్తరాల నకళ్ళూ ముందు పడేసి, డాక్టరమ్మ నంబరు నొక్కి, ఫోను చేతిలో పెట్టాను. బయట దగ్గులన్నీ ఆగిపోయాయి.

"హలో..." అన్నాడు గ్రేవె. "ఇల్లు... ఇంకా మీకు కావాలా అమ్మా?"